పట్నం హోటల్లో దిగే ముందు, పండక్కి ఊరు బయలుదేరే ముందు

సంక్రాంతి ముందు వారం హైదరాబాదులో పని పడిందంటే శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళ నెత్తిన రెండు ఖర్చులు ఒకేసారి పడతాయి: హోటలు గది, ఇంటికెళ్ళే టికెట్టు. చాలామంది ముందు గది చూసుకుని టికెట్టు తర్వాత వెతుక్కుంటారు. చెయ్యాల్సింది దానికి తలకిందులుగా. బండి ఏ రోజు, ఏ స్టేషన్లో, ఎన్నింటికన్నది తేలితేనే గది ఎక్కడ తీసుకోవాలో, ఎన్ని రాత్రులు తీసుకోవాలో తేలుతుంది.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. జనవరి 12 బండి కావాలంటే నవంబరు 13 ఉదయం 8 గంటలకి ఫోను పట్టుకుని కూర్చోవాల్సిందే. ఆ రోజు తప్పితే మిగిలేది తత్కాల్. బండి మొదలయ్యే స్టేషన్లో బయలుదేరే తేదీకి ముందు రోజు ఏసీకి 10 గంటలకి, స్లీపరుకి 11 గంటలకి ఇస్తారు. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ జత చెయ్యకపోతే తత్కాల్ రాదు. 10 కొట్టాక ఆ పని మొదలుపెడితే మీ బెర్తులో ఇంకొకరు పడుకుంటారు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్టు మీరు రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు.

టికెట్టు చేతికొచ్చాక స్టేషన్ పేరు ఇంకోసారి చదవండి. సికింద్రాబాద్ స్టేషన్‌ని తిరిగి కడుతుండటంతో కొన్ని బళ్ళని చర్లపల్లికి మార్చారు. అక్కడి కొత్త టెర్మినల్ 2025 జనవరి 6న మొదలైంది, మెట్రో మాత్రం అక్కడిదాకా లేదు. హైటెక్ సిటీలో గది తీసుకుని చర్లపల్లిలో బండెక్కాలంటే పండగ సాయంత్రాల్లో రెండు గంటలు పైనే చేతిలో ఉంచుకోవాలి.

ఇక హోటలు. యాప్‌లో కనిపించేది గది ధర. మీరు కట్టేది బిల్లు. ఈ రెండూ ఒకటి కావు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. 7,400 గదికి పన్ను 370, మొత్తం 7,770. 7,600 గదికి పన్ను 1,368, మొత్తం 8,968. గదిలో తేడా రెండొందలు, బిల్లులో దాదాపు పన్నెండొందలు. ఆ పన్నెండొందలకి ఇంకో దిండు కూడా వెయ్యరు. అందుకే 7,500 గీత దగ్గర్లో ఉన్న ధరైతే ఫోను చేసి బేరమాడండి. పెద్ద హోటళ్ళూ తగ్గిస్తాయి, మనమే అడగం.

తిండి దగ్గర ఇంకో మెలిక. మీ గది ఐదు వేలకే దొరికినా, ఆ హోటలు క్రితం ఆర్థిక సంవత్సరంలో ఒక్క గదినైనా రోజుకి 7,500 దాటి ఇచ్చి ఉంటే లోపలి రెస్టారెంటులో 18 శాతం వేస్తారు. గేటు దాటి ఎదురు సందులో టిఫిన్ చేస్తే మామూలుగా 5 శాతమే, ఇడ్లీ కూడా వేడిగా ఉంటుంది. గది ధరలో బ్రేక్‌ఫాస్ట్ కలిసి ఉందో లేదో దిగేటప్పుడే అడగండి. సర్వీస్ చార్జి వేస్తే తీసెయ్యమనండి, అది కట్టి తీరాలన్న నిబంధన లేదు. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మంచినీళ్ళ సీసా మీద ఎంఆర్‌పీ కంటే ఎక్కువ వేశారని మాత్రం గొడవకి దిగకండి. హోటళ్ళు అలా తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. గదిలో ఉచితంగా పెట్టే సీసాలు వేరు, చిన్న ఫ్రిజ్‌లోవి వేరు. కొన్నిచోట్ల ఆ ఫ్రిజ్‌లో వస్తువు కదిపితే చాలు, బిల్లులో పడుతుంది. మీ నేతి అరిసెల డబ్బా పెట్టడానికి వాళ్ళ సీసాలు పక్కకి జరపొద్దు.

దిగేటప్పుడు అడ్వాన్సుకి డెబిట్ కార్డు ఇవ్వకండి. ఖాళీ చేశాక కూడా ఆ సొమ్ము కొన్ని రోజులు బ్యాంకులో ఇరుక్కుంటుంది, పండగ బట్టల డబ్బు అందులోనే ఉంటుంది. యూపీఐతోనో నగదుతోనో కట్టి రసీదు తీసుకోండి. గుర్తింపుకి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. బాత్‌రూంలో పాలరాయి ఉంటుంది, తొట్టె ఉంటుంది, చెంబు ఉండదు. ఒక ప్లాస్టిక్ మగ్గు సంచిలో వేసుకుంటే పెద్దవాళ్ళు మిమ్మల్ని దీవిస్తారు.

పన్నెండింటికి గది ఖాళీ చెయ్యాలి, బండి సాయంత్రం. ఈ నాలుగైదు గంటలకి ఇంకో రోజు అద్దె కట్టేవాళ్ళున్నారు. అక్కర్లేదు. సామాను రిసెప్షన్‌లో చీటీ తీసుకుని వదిలితే ఉంచుతారు. స్నానం, పడక కావాలంటే కన్ఫర్మ్ లేదా ఆర్ఏసీ (బెర్తు ఇంకా ఖాయం కాని సీటు) టికెట్టు పీఎన్ఆర్‌తో స్టేషన్ రిటైరింగ్ రూమ్ దొరుకుతుందేమో ముందే చూడండి.

బస్సుకి వెళ్ళే విజయనగరం వాళ్ళకి ఒక మాట. జాతీయ రహదారి 16 మీ ఊళ్ళోంచి పోదు. శ్రీకాకుళం బస్సెక్కితే తెల్లారకముందే ఆనందపురంలోనో నాతవలస జంక్షన్‌లోనో మూటలతో దింపేస్తారు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లోకి వెళ్ళే సర్వీసో కాదో చూసి తీసుకోండి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగేవాళ్ళు అది ఆమదాలవలసలో ఉందని గుర్తుంచుకోవాలి. అక్కణ్ణుంచి శ్రీకాకుళం ఊరు 13 కిలోమీటర్ల దూరం, ఆటో బేరం దిగకముందే ఫోన్లో తేల్చుకుంటే మంచిది.

రైల్లో ఆఖరి గండం విశాఖపట్నం. స్టేషన్లోకి వెళ్ళే బళ్ళకి అక్కడ ఇంజను రెండో కొసకి మారుస్తారు, ముందున్న పెట్టెలు వెనక్కి పోతాయి. స్టేషన్‌కొచ్చే బావగారికి పెట్టె నంబరు చెప్పేటప్పుడు ఈ లెక్క కూడా చెప్పండి. అక్కడ మెలకువ వస్తే మళ్ళీ పడుకోకండి. విజయనగరం సుమారు గంటలో వచ్చేస్తుంది. శ్రీకాకుళం రోడ్ వాళ్ళు పొందూరు దాటగానే సీటు కింద సంచులు తీసి తలుపు దగ్గరికి జరగాలి, మీరు దిగే చోట బండి ఎక్కువసేపు ఆగదు.