కెరోటినాయిడ్లు ఒంటికి పట్టాలంటే ఏం చేయాలి?

క్యారెట్ తురుమును చన్నీళ్లలో వేసి ఉంచితే నీళ్లకు పెద్దగా రంగు దిగదు. అదే తురుమును చెంచాడు నూనెలో సన్నని సెగ మీద వేయిస్తే కొద్దిసేపట్లోనే నూనె నారింజ రంగుకు తిరుగుతుంది. ఆ రంగే బీటా కెరోటిన్. మొక్కల్లో ఉండే ఇలాంటి పసుపు, నారింజ, ఎరుపు రంగు పదార్థాలనే కెరోటినాయిడ్లు అంటారు. ఇవి నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. కనుక వాటిని తినడం ఒక ఎత్తు, అవి పేగు గోడను దాటి రక్తంలోకి చేరేలా చూసుకోవడం మరో ఎత్తు.

ముందుగా వాటిని మొక్క కణాల్లోంచి విడిపించాలి. ఆకుకూరల్లో ఇవి హరితరేణువుల లోపల మాంసకృత్తులతో పెనవేసుకుని ఉంటాయి. క్యారెట్‌లో స్ఫటికాలుగా, గట్టి కణగోడల వెనుక ఉంటాయి. అందువల్ల ఈ రెండింటినీ సన్నగా తరిగి లేదా తురిమి, మూతపెట్టి మెత్తబడేవరకు ఉడికించి, బాగా నమిలి తినాలి. సరిగా నమలని పచ్చి ముక్కల్లోని కెరోటినాయిడ్లలో చాలా భాగం పేగుల గుండా అలాగే బయటికి పోతుంది. అలాగని గంటల తరబడి ఉడికించినా, మాడేలా వేయించినా అవి నశిస్తాయి కాబట్టి, ముక్క మెత్తబడగానే దించేయాలి. బాగా పండిన మామిడి, బొప్పాయిల్లో మాత్రం ఇవి తేలికగా విడివడే రూపంలో ఉంటాయి గనుక వాటికి పొయ్యి అవసరం లేదు. టమాటాల సంగతి వేరు: వేడి తగిలినప్పుడు వాటికి ఎరుపునిచ్చే లైకోపీన్ అనే కెరోటినాయిడ్ అణువుల్లో కొన్ని వంపు తిరుగుతాయి, ఆ రూపాన్ని పేగులు మరింత సులువుగా గ్రహిస్తాయి.

రెండో షరతు కొవ్వు, అది కూడా అదే భోజనంలో ఉండాలి. నూనె చుక్క లేకుండా ఉడికించిన ఆకుకూరను ఆరోగ్యం పేరిట తినేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. పూటకు 3 నుంచి 5 గ్రాములు, అంటే ఇంచుమించు ఒక చిన్న చెంచాడు నూనె, సాధారణంగా సరిపోతుంది. గింజలు, గుడ్డు, వెన్న కూడా ఆ పని చేస్తాయి. కొవ్వు చిన్నపేగులోకి చేరగానే పిత్తాశయం నుంచి పైత్యరసం విడుదలై, కొవ్వును అతి సూక్ష్మమైన బిందువులుగా విడగొడుతుంది. కెరోటినాయిడ్లు వాటితో కలిసి పేగు కణాల్లోకి వెళ్లి, అక్కడి నుంచి శోషరసం ద్వారా రక్తంలో కలుస్తాయి.

పేగు కణాల్లోని ఒక ఎంజైమ్ బీటా కెరోటిన్ అణువును నడిమికి తుంచుతుంది. ఆ ముక్కలే విటమిన్ ఎ అవుతాయి. ఆహారంలోని 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్‌ను 1 మైక్రోగ్రాము విటమిన్ ఎ కింద లెక్కిస్తారు. శరీరంలో నిల్వలు నిండిన కొద్దీ ఈ మార్పిడి తగ్గుతుంది కాబట్టి, కూరగాయలు ఎక్కువగా తిన్నందువల్ల విటమిన్ ఎ విషంగా మారదు. బీటా కెరోటిన్ మరీ ఎక్కువైతే అరచేతులు పసుపుపచ్చగా మారతాయి, తగ్గిస్తే మామూలవుతాయి. కంటి తెల్లగుడ్డు కూడా పచ్చబడితే అది కామెర్ల లక్షణం, వెంటనే వైద్యుణ్ణి కలవాలి. ల్యూటిన్, జియాజాంథిన్ అనే కెరోటినాయిడ్లు విటమిన్ ఎగా మారవు. అవి రెటీనా మధ్యభాగంలో చేరి నీలికాంతిని వడకడతాయి.

మాత్రల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులకు రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చి చూడగా, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగినట్లు 1994లో వెల్లడైంది. పొగతాగే అలవాటున్నవారు ఆ మాత్రల జోలికి పోకుండా, కెరోటినాయిడ్లను ఆహారం నుంచే తీసుకోవాలి.