విశ్వవిద్యాలయ బడ్జెట్ నేర్చుకుందాం – 4వ భాగం: సీట్ల లెక్క వేరు, జమ లెక్క వేరు

గత పాఠంలో ఖర్చు పద్దులు విడదీశాం. ఈసారి జమ వైపు ఒక్క పద్దే చూద్దాం: పీజీ ట్యూషన్ ఫీజు. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల్లాంటి చోట బ్లాక్ గ్రాంటు, అంటే ప్రభుత్వం విశ్వవిద్యాలయానికి మొత్తంగా ఇచ్చే నిధి, ఎంత అన్నది ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ఫీజుల అంచనా మాత్రం మనం రాసేదే. అందుకే అందులో తప్పు జరిగితే బాధ్యత మనదే.

సాధారణంగా జరిగే తప్పు ఇది. మంజూరైన సీట్లను ఫీజుతో గుణించి జమలో రాసేస్తారు. ఆ అంకెను నమ్మి గెస్ట్ అధ్యాపకులను తీసుకుంటారు, ల్యాబ్ కొనుగోళ్లకు సంతకాలు పెడతారు. జనవరి వచ్చేసరికి ఖాతాలో డబ్బుండదు. అప్పుడు మొదట ఆగేది గెస్ట్ అధ్యాపకుల జీతమే. వాళ్ల ఇల్లు గడిచేది దానితోనే కాబట్టి ఈ లెక్కను ఓపిగ్గా వేయాలి.

ఎక్సెల్‌లో కోర్సుకొక వరుస, వరుసకు అయిదు గళ్లు పెట్టండి: మంజూరైన సీట్లు, కౌన్సెలింగ్‌లో కేటాయించినవి, వచ్చి చేరినవారు, చివరి విడత ముగిశాక మిగిలినవారు, రెండో ఏడాదికి వచ్చినవారు. మూడేళ్ల అంకెలు కావాలి. మొదటి రెండూ అడ్మిషన్ల విభాగంలో దొరుకుతాయి. మూడు, నాలుగు గళ్లకు హాజరు పట్టీ చూడండి. అయిదోదానికి మూడో సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టినవారి జాబితా తెప్పించండి. నోటిమాటగా చెప్పే అంకెను ఏ గడిలోనూ రాయొద్దు.

నాలుగో గడిని వదిలేస్తే లెక్క చెడుతుంది. 2021 నుంచి పీజీ ప్రవేశాలకు రాష్ట్రమంతటికీ ఏపీ పీజీసెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఒక్కటే. తొలి విడతలో అనంతపురంలో చేరిన విద్యార్థికి మలి విడతలో తిరుపతిలో సీటొస్తే వెళ్లిపోతాడు. విశ్వవిద్యాలయం సొంతంగా ప్రవేశ పరీక్ష పెట్టుకున్న రోజుల నాటి శాతాలు ఇప్పుడు పనికిరావు.

ఒక ఎమ్మెస్సీ కోర్సు తీసుకుందాం. సీట్లు 36, ఏడాది ఫీజు 20,000 రూపాయలు అనుకుందాం. కేటాయింపు 27, చేరినవారు 19. మలి విడతలో నలుగురు పోయి అయిదుగురు వచ్చారు, మిగిలింది 20. రెండో ఏడాదిలో 17 మంది ఉన్నారు. మొత్తం 37 మందికి డిమాండు, అంటే రావాల్సిన ఫీజు, 7,40,000. రెండేళ్ల సీట్లన్నీ గుణిస్తే 14,40,000 వచ్చేది, అంటే దాదాపు రెట్టింపు.

ఈ 7,40,000 కూడా చేతికొచ్చే డబ్బు కాదు. 37 మందిలో 26 మంది ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హులైతే సొంతంగా కట్టేది 11 మందే: 2,20,000. తక్కిన 5,20,000 ప్రభుత్వం నుంచి రావాలి. గత మూడేళ్లలో అదే ఏడాది మార్చి 31 లోపు సగటున ఎంత శాతం అందిందో ఖాతాలో చూడండి. 40 శాతం అని తేలితే 2,08,000 రాయండి. మొత్తం అంచనా 4,28,000. పాత ఏళ్ల బకాయి వస్తే ‘పాత బకాయిల వసూలు’ అని వేరే పద్దులో వేయండి. దాన్ని ఈ శాతంలో కలిపితే వచ్చే ఏడాది అంచనా మళ్లీ ఉబ్బుతుంది.

బడ్జెట్ ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఫీజులు మాత్రం అడ్మిషన్లయ్యాకే వస్తాయి. కాబట్టి నెలవారీ పట్టికలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొత్త బ్యాచ్ ఫీజు సున్నా. కౌన్సెలింగ్ చివరి విడత ముగిసిన పదిహేను రోజుల్లో సవరించిన అంచనా తయారుచేసి ఫైనాన్స్ కమిటీ ముందు పెట్టండి.

సీట్లు మిగిలితే ‘కోర్సు మూసేద్దాం’ అనే మాట త్వరగా వస్తుంది. తొందరపడొద్దు. రెగ్యులర్ అధ్యాపకుల జీతం కోర్సు మూసినా తగ్గదు. తగ్గేది గెస్ట్ అధ్యాపకుల ఖర్చు, రసాయనాలు, మూల్యాంకన ఖర్చు మాత్రమే. రెండో ఏడాది పిల్లలు బయటికెళ్లే దాకా అందులోనూ చాలా భాగం కొనసాగుతుంది, మొదటి ఏడాది ఫీజు మాత్రం వెంటనే పోతుంది. మూసివేత ప్రతిపాదనకు ఈ రెండేళ్ల లెక్క జతచేయకుండా పాలక మండలికి పంపడం సరికాదు.

ముందు కేటాయింపుకూ చేరికకూ మధ్య జారిన ఆ ఎనిమిది మందికి ఫోన్ చేసి కారణం రాసుకోండి. మడకశిర నుంచో ఆలూరు నుంచో రావాల్సిన అమ్మాయికి హాస్టల్ గది ఉందో లేదో ఎవరూ చెప్పకపోతే ఆమె రాదు. సీటు కేటాయింపు రోజే హాస్టల్ సంగతి సందేశంగా పంపడానికి పెద్ద ఖర్చు లేదు. అలా ముగ్గురు నిలిస్తే రెండేళ్లలో 1,20,000 రూపాయల డిమాండు పెరుగుతుంది.

అభ్యాసం: మీకు తెలిసిన ఒక కోర్సుకు అయిదు గళ్లూ నింపండి. మూడేళ్లలో ఏ రెండు గళ్ల మధ్య ఎక్కువమంది జారారో ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. వచ్చే భాగంలో అనుబంధ కళాశాలల అఫిలియేషన్, పరీక్ష ఫీజుల పద్దు తీసుకున్నప్పుడు ఆ పట్టికే కావాలి.