చర్మ తత్వానికి తగిన ఫౌండేషన్

ముఖం రంగు అంతటా ఒకేలా కనిపించేలా రాసుకునే మేకప్‌ ఫౌండేషన్. దాన్ని ఎంచుకునే ముందు ముఖం కడిగి, ఏమీ రాయకుండా గంటసేపు ఆగితే చర్మ తత్వం తెలుస్తుంది: ముఖమంతా మెరిస్తే జిడ్డు చర్మం, నుదురు, ముక్కు, గడ్డం మాత్రమే మెరిస్తే మిశ్రమ చర్మం, బిగుసుకుపోయినట్లు అనిపిస్తే పొడి చర్మం. జిడ్డు చర్మానికి నూనె లేని మ్యాట్ (మెరుపు లేని) ఫౌండేషన్, పొడి చర్మానికి గ్లిజరిన్ వంటి తేమనిచ్చే పదార్థాలున్న ద్రవరూప ఫౌండేషన్ నప్పుతాయి. సున్నితమైన చర్మం గలవారు పరిమళాలు కలపనిది తీసుకోవడం మేలు.

ఛాయ విషయంలో తొందర అస్సలు పనికిరాదు. చేతి మీద కాకుండా దవడ అంచున రెండు మూడు ఛాయలను పక్కపక్కనే రాసి, పగటి వెలుతురులో మెడ రంగులో కలిసిపోయేదాన్ని ఎంచుకోవాలి. కొన్ని ఫౌండేషన్లు ఆరాక కాస్త ముదురుతాయి కాబట్టి, పది నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. తెల్లగా కనిపించాలన్న ఆశతో లేత ఛాయను మాత్రం కొనవద్దు, ముఖం బూడిద పూసినట్లు పాలిపోతుంది.