ఎక్సెల్ గడిలో సొంత జాబితాతో డ్రాప్‌డౌన్ పెట్టడం ఎలా?

విత్తనాల దుకాణంలో అమ్మకాల పట్టిక నింపేటప్పుడు ఒకరు బీపీటీ 5204 అని, మరొకరు సాంబ మసూరి అని టైపు చేస్తే, వడ్ల రకం ఒక్కటే అయినా ఎక్సెల్ దానిని రెండుగా లెక్కగడుతుంది. నెలాఖరున మొత్తాలు పొసగవు. ప్రతిసారీ పేరు టైపు చేసే పని లేకుండా, మనమే తయారుచేసుకున్న జాబితా నుంచి ఎంచుకునేలా గడిలో డ్రాప్‌డౌన్ పెడితే ఈ చిక్కు రాదు.

ముందుగా అదే ఫైలులో కొత్త షీట్ తెరిచి, పై గడిలో ‘రకం’ అని శీర్షిక రాసి, దాని కింద గడికొక పేరు చొప్పున సాంబ మసూరి, స్వర్ణ, తెలంగాణ సోన అంటూ నింపాలి. ఆ జాబితాలో ఏదో ఒక గడిపై క్లిక్ చేసి కంట్రోల్, టీ మీటలు కలిపి నొక్కి, జాబితాకు శీర్షిక ఉందని తెలిపే చోట టిక్ పెట్టి ఓకే నొక్కితే అది టేబుల్‌గా మారుతుంది. చాలామంది వదిలేసే ఈ పనే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే తరువాత టేబుల్ అడుగున కొత్త రకం చేర్చగానే అది డ్రాప్‌డౌన్‌లోకి కూడా వస్తుంది.

ఇప్పుడు అమ్మకాల షీట్‌లో రకం పేరు రావలసిన గడులన్నిటినీ ఎంచుకుని, డేటా ట్యాబ్‌లోని డేటా వ్యాలిడేషన్ నొక్కాలి. సెట్టింగ్స్‌లో అలౌ కింద లిస్ట్ ఎంచుకుని, సోర్స్ పెట్టెలో క్లిక్ చేసి, జాబితా షీట్‌కు వెళ్లి, శీర్షికను వదిలి పేర్లను మాత్రమే మౌస్‌తో ఎంపిక చేసి ఓకే నొక్కాలి. ఇక ఆ గడిపైకి వెళ్తే పక్కన బాణం కనిపిస్తుంది. ఆల్ట్‌తో కలిపి కింది బాణం మీట నొక్కినా జాబితా తెరుచుకుంటుంది. నగదు, అరువు వంటి రెండు మూడు మాటలే అయితే వేరే షీట్ అక్కరలేదు, సోర్స్‌లోనే మధ్యలో కామాలు పెట్టి రాయవచ్చు. అయితే దానికి 255 అక్షరాల హద్దు ఉంది, తెలుగులో గుణింతపు గుర్తులు కూడా విడిగా లెక్కకు వస్తాయి కనుక ఆ హద్దు త్వరగా దాటిపోతుంది.

జాబితాలో లేని పేరును ఏం చేయాలో అదే డేటా వ్యాలిడేషన్ పెట్టెలోని ఎర్రర్ అలర్ట్ ట్యాబ్‌లో నిర్ణయించవచ్చు. వార్నింగ్ హెచ్చరించి ఊరుకుంటుంది, స్టాప్ ఒప్పుకోదు. పలువురు నింపే పట్టికకు స్టాప్ ఉంచడమే మేలు.

వేరే చోటి గడిని కాపీ చేసి ఇక్కడ అతికిస్తే డ్రాప్‌డౌన్ చెరిగిపోతుంది కనుక పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ ఎంచుకోవాలి. అలా అతికించిన పేర్లనూ, అంతకుముందే నింపి ఉన్న వాటినీ ఎక్సెల్ తనంతట తాను సరిచూడదు. డేటా వ్యాలిడేషన్ పక్క బాణం నొక్కి సర్కిల్ ఇన్‌వ్యాలిడ్ డేటా ఎంచుకుంటే, జాబితాకు సరిపడని గడుల చుట్టూ ఎర్రటి సున్నాలు చుడుతుంది. వాటిని ఒక్కొక్కటిగా డ్రాప్‌డౌన్‌తో సరిదిద్దుకోవచ్చు.