విశాఖలో ఫుట్‌పాత్ మీద పడుకునేవారికి ఆసరా చూపించడం ఎలా?

డిసెంబరు వస్తే చాలు, ఆర్టీసీ కాంప్లెక్స్ బయట రాత్రి పదకొండింటికి ఒక కారు ఆగుతుంది. నలుగురు దిగి, నిద్రపోతున్నవారి మీద దుప్పట్లు కప్పి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. అరగంటకు ఇంకో కారు. తెల్లవారేసరికి ఒక్కొక్కరి దగ్గర మూడేసి దుప్పట్లు పోగవుతాయి. అసలు మన ఊళ్లో చలి ఎంత? ఇక్కడ ఆరుబయట పడుకునేవారిని ఏడిపించేవి దోమలు, వాన, మే నెల ఉక్క. ఈ తంతు ఏళ్ల తరబడి చూసి విసుగెత్తి ఇది రాస్తున్నాను.

తీసుకెళ్లవలసినవి

ఒక ఫ్లాస్కు నిండా టీ, కాగితపు కప్పులు, డజను అరటిపళ్లు, చిన్న నోటు పుస్తకం, పెన్ను. టీలో పంచదార కాస్త ఎక్కువే వేయండి. పళ్లు కర్పూర అరటే తీసుకోండి, చక్కెరకేళి సంచిలో నలిగిపోతుంది. బిర్యానీ పొట్లాలు వద్దు. పొట్లం ఇస్తే ఆయన తింటుంటే మీరు నిలబడి చూస్తారు. టీ అయితే ఇద్దరూ కూర్చుని తాగుతారు, మాటలు అక్కడే మొదలవుతాయి. ఆకలి తీరే చోటు కావాలంటే అన్న క్యాంటీన్ చూపించండి, పూట భోజనం ఐదు రూపాయలే. ఇద్దరు కలిసి వెళ్లండి, ఒకరు మహిళ అయితే మేలు. బండి దూరంగా ఆపండి. ముఖం మీద హెడ్‌లైటు పడితే పోలీసులనుకుని సగం మంది లేచి వెళ్లిపోతారు.

ఎక్కడికి, ఎప్పుడు

రైల్వే స్టేషన్ బయట, కాంప్లెక్స్ చుట్టూ, పూర్ణా మార్కెట్ దుకాణాల అరుగుల మీద, బీచ్ రోడ్డులో. రాత్రి తొమ్మిదికి వెళ్లండి, పదిన్నరకు వచ్చేయండి. పదకొండు దాటాక ఎవరినీ కదపకూడదు.

ఇందులో ఒక చిక్కుంది. రోడ్డు పక్కన పడుకున్న ప్రతి మనిషీ నిరాశ్రయుడు కాదు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి) గేటు దగ్గర పడుకునేవారిలో చాలామంది శ్రీకాకుళం నుంచో, పాడేరు నుంచో, కోరాపుట్ నుంచో రోగితో వచ్చిన బంధువులు. వారికి కావలసింది వార్డుకు దగ్గరగా కాస్త జాగా. ఊరవతల మంచం ఇస్తామంటే ఏం చేసుకుంటారు? బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి వీధుల్లో మార్గశిర మాసం బుధవారం రాత్రి పడుకున్నవారైతే గురువారం దర్శనానికి వచ్చిన భక్తులు. ఒకసారి తెలియక అక్కడ ఒక పెద్దావిడకు ఆశ్రయం గురించి వివరించబోయాను. "మాకు అనకాపల్లిలో మూడంతస్తుల మేడ ఉంది బాబూ, నీకే ఏమైనా కావాలా?" అన్నారావిడ.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

స్పృహ లేకపోయినా, గాయం కుళ్లినా, ఒళ్లు కాలిపోతున్నా టీలూ మాటలూ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వెంట మీరూ వెళ్లండి. కూడా మనిషి లేని రోగి స్ట్రెచర్ మీద ఎంతసేపైనా ఉండిపోతాడు. ఒంటరి పిల్లలు కనిపిస్తే 1098, మహిళ ప్రమాదంలో ఉంటే 181. వృద్ధులకు 14567 ఉంది కానీ అది ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకే పలుకుతుంది. అందుకని నంబరు ఇప్పుడు రాసుకుని, ఫోను మర్నాడు చేయండి.

మతి స్థిమితం తప్పి తిరుగుతున్నవారి విషయంలో 112కి చెప్పండి. ఎవరైనా "పిచ్చివాళ్లతో మాకేం పని" అంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో నూరో సెక్షన్ ఉందని నెమ్మదిగా గుర్తు చేయండి. అలాంటి మనిషిని రక్షణలోకి తీసుకుంటే 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి, లాకప్పులో పెట్టకూడదు. మనకు వాల్తేరులోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

మాట కలపడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. పైన చెప్పినవన్నీ పొరపాటు చేసినా దిద్దుకోవచ్చు. ఇది చెడితే ఆ మనిషి మళ్లీ మీకు దొరకడు.

నిలబడి మాట్లాడకండి. కూర్చోండి, నేల మీదే. ఆయన పరుచుకున్న అట్ట మీద మాత్రం కాదు. ఆ అట్ట ఆయన మంచం, ఎదుటివారి మంచం మీద అడగకుండా కూర్చోం కదా. దారికి అడ్డంగా కాకుండా ఒక పక్కగా కూర్చోండి, లేచి వెళ్లిపోవాలనిపిస్తే ఆయనకు దారి కనిపించాలి. ఎంత చినిగిన చొక్కా అయినా "మీరు" అనే అనండి. పెద్దాయనైతే బాబాయ్, ఆడవారైతే అమ్మా. నిద్రపోతుంటే లేపకండి. తాగి ఉంటే మర్నాడు రండి.

"మీది ఏ ఊరు? ఇల్లెందుకు వదిలేశారు? పిల్లలు చూడరా?" ఇవి పోలీసు ప్రశ్నలు. సాయం చేయడానికి వచ్చిన ప్రతివాడూ ఇవే అడుగుతాడు, వారూ వినీ వినీ ఒకే కథ అప్పజెప్పేస్తారు. నేనైతే దోమల గురించి అడుగుతాను. "ఇక్కడ దోమలెక్కువా బాబాయ్?" అంటే చాలు, ఏ అరుగు మీద గాలి వస్తుందో, ఏ దుకాణదారు నీళ్లు కొట్టి లేపేస్తాడో, ఎవరి చెప్పులు పోయాయో అన్నీ బయటికి వస్తాయి.

మొదటి రోజు షెల్టర్ (నిరాశ్రయుల వసతి గృహం) అన్న మాట ఎత్తనే కూడదు. మూడో రోజు ఎత్తాలి. రెండో రోజు కూడా కాదు. ఒక్క రాత్రిలో వ్యాను నింపి తీసుకెళ్లే బృందాలకు ఈ పద్ధతి నత్తనడకలా కనిపిస్తుందని తెలుసు. వారు తీసుకెళ్లినవారిని మర్నాడు రాత్రి అదే అరుగు మీద నేను చూస్తుంటాను. పైగా వ్యాను అంటేనే వారికి భయం. ఊళ్లో ఏదో పెద్ద సభ ఉందని ఎక్కించుకుని ఎక్కడో శివార్లలో దింపేశారని చెప్పేవారు నాకు ఒకరిద్దరు కాదు, చాలామంది తగిలారు.

మూడో రోజు అడిగినా "వద్దు" అనే అంటారు. అప్పుడు బతిమాలకండి, కారణం అడగండి. మూటకు అక్కడ చోటుంటుందా అన్నది ఒకరి బాధ. మగవారికీ ఆడవారికీ వేరు వేరు షెల్టర్లు కనుక విడిపోవాలని భార్యాభర్తల బాధ. పూర్ణా మార్కెట్ దగ్గర ఒకాయన నాకు నాలుగుసార్లు వద్దన్నాడు. మొండివాడనుకున్నాను. ఐదోసారి "పని ఎన్నింటికి అవుతుంది?" అని అడిగాను. కేటరింగులో వడ్డన పని. పెళ్లి భోజనాలయ్యి, గిన్నెలు సర్ది వచ్చేసరికి రాత్రి ఒంటిగంట. షెల్టర్ గేటు అప్పటికే మూసి ఉంటుంది. మరి మూఢం వస్తే? ముహూర్తాలు లేక పని ఉండదు, తిండీ ఉండదు. ఆయన జేబులో మడత పెట్టిన క్యాలెండర్ కాగితం ఉంది, ముహూర్తం ఉన్న తేదీలకు పెన్నుతో సున్నాలు చుట్టి. దాన్ని పట్టుకుని నిర్వాహకుడి దగ్గరకు వెళ్లాం. సున్నా ఉన్న రోజుల్లో గేటు దగ్గరి కాపలా మనిషి లేచి తీసేట్టు ఒప్పందం కుదిరింది.

ఇంకొక్క జాగ్రత్త. అడగకుండా ఇంటికి ఫోన్ చేయకండి. నేను చేశాను. ఒక పెద్దాయన చిన్న పుస్తకంలో కొడుకు నంబరు కనిపిస్తే మంచిపనే అనుకుని చేశాను. మర్నాడు కొడుకు వచ్చేసరికి ఆయన లేడు, మూటా లేదు. తర్వాత రెండు నెలలు స్టేషన్ చుట్టూ వెతికాను.

షెల్టర్‌లో చేర్చడం

ఇది సులువు. ప్రతి లక్ష జనాభాకు ఒక నిరాశ్రయుల వసతి గృహం ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మన ఊళ్లో వాటిని జీవీఎంసీ, అంటే నగరపాలక సంస్థ, స్వచ్ఛంద సంస్థల చేత నడిపిస్తుంది. ఆశీల్‌మెట్ట దగ్గరి ప్రధాన కార్యాలయంలో యూసీడీ (పట్టణ సామాజిక అభివృద్ధి) విభాగానికి పగలు వెళ్లి ఏది ఎక్కడుందో, మగవారిదో ఆడవారిదో, ఫోన్ నంబర్లతో సహా రాసుకోండి. తీసుకెళ్లే ముందు ఖాళీ ఉందో లేదో కనుక్కోండి. గడపదాకా వెళ్లి వెనక్కి వచ్చిన మనిషి మళ్లీ కదలడు. ఆధార్ లేదంటే ఆ రాత్రికి ఉండనివ్వమని, కాగితాల సంగతి తర్వాత చూద్దామని గట్టిగానే అడగండి. ఆటోలో పక్కన కూర్చుని వెళ్లండి, చిరునామా చేతిలో పెట్టి పంపడం సాయం కాదు.

ఆ తర్వాత

మూడో రోజున, పదో రోజున వెళ్లి పలకరించండి. కాగితాల పని అప్పుడు మొదలుపెట్టాలి, ముందు ఆధార్. గుర్తింపు ఉన్న వసతి గృహం అధిపతి ఇచ్చే ధ్రువపత్రం చిరునామాకు పనికొస్తుంది. అరవై దాటినవారికి అర్హత ఉంటే వృద్ధాప్య పింఛను నెలకు నాలుగు వేలు వస్తుంది, దానికీ ఆధార్ కావాలి. కాగితాల నకళ్లు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి మూటలో పడేయండి. అసలు కాగితాలు నిర్వాహకుడి బీరువాలో ఉంటేనే నయం, వానాకాలంలో ఎన్ని తడిసి ముద్దయ్యాయో నాకు తెలుసు.

నెల తిరక్కుండానే ఆయన మళ్లీ పాత అరుగు మీద కనిపించవచ్చు. అలిగి తిట్టకండి. ఫ్లాస్కు నింపుకుని వెళ్లండి, దోమల గురించి అడగండి.