బిడ్డకు పాలు చాలడం లేదా? ముందు ఏం చూడాలి, తరువాత ఏం చేయాలి

అనంతపురం పల్లెల్లో పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను చూడవచ్చినవారు మొదట అడిగే మాట "పాలు పడ్డాయా?" అనేదే. ప్రేమతో అడిగిన ఆ మాటతోనే బాలింత మనసులో అనుమానం మొదలవుతుంది. ఆ రాత్రి బిడ్డ మామూలుకంటే రెండుసార్లు ఎక్కువ ఏడిస్తే, తెల్లవారేసరికి మందుల షాపు నుంచి పాలపొడి డబ్బా ఇంటికి వస్తుంది. నేను చూసినంతలో నిజంగా పాలు తక్కువైన తల్లులు కొద్దిమందే. పాలు చాలినన్ని ఉండి కూడా డబ్బా మొదలుపెట్టి, ఆ తరువాత పాలు తగ్గించుకున్నవారే ఎక్కువ. అందువల్ల ముందు అనుమానాన్ని కొలిచి చూడాలి. కారణాన్ని వెతకడం ఆ తరువాతి పని.

కొలవవలసినవి రెండే

మొదటిది బిడ్డ తడిపే గుడ్డల లెక్క. పుట్టిన మొదటి రోజు ఒకసారి, రెండవ రోజు రెండుసార్లు మూత్రం పోసినా చాలు; అయిదవ రోజు దాటాక మాత్రం రోజుకు ఆరుసార్లయినా, పలచగా, రంగు లేకుండా పోయాలి. మొదట నల్లగా, జిగటగా ఉండే విరేచనం నాలుగైదు రోజులకు పసుపురంగులోకి మారాలి. డైపరు వేస్తే ఈ లెక్క తెలియదు కనుక మొదటి రెండు వారాలు పాత నూలు గుడ్డలే వాడడం మంచిది.

రెండవది బరువు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గడం సహజం. 3 కిలోలతో పుట్టిన బిడ్డ 2 కిలోల 800 గ్రాములకు వచ్చిందని కంగారు పడనవసరం లేదు. 2 కిలోల 700 గ్రాములకంటే తగ్గితే మాత్రం వెంటనే వైద్యునికి చూపించాలి. రెండు వారాలు నిండేసరికి బిడ్డ పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి, ఆ తరువాత మూడు నెలల వరకు వారానికి సుమారు 150 నుంచి 200 గ్రాములు పెరగాలి. ఆస్పత్రిలో కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఆమె వచ్చినప్పుడు బిడ్డను తూచమని అడిగి, ఆ అంకెను కాగితం మీద రాసుకోండి.

ఈ రెండూ సరిగా ఉంటే పాలు చాలుతున్నట్టే. బిడ్డ ఏడుపు, రొమ్ముల బరువు, పిండితే వచ్చిన పాలు కొలమానాలు కావు.

"మూడు రోజులైనా పాలు పడలేదు"

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. అవి చెంచాలలో కొలిచేంత కొద్దిగానే ఉంటాయి, అప్పుడే పుట్టిన బిడ్డ పొట్ట కూడా ఒక్కసారికి అంతే పడుతుంది. తెల్లని పాలు సాధారణంగా రెండవ రోజుకూ నాలుగవ రోజుకూ మధ్య పడతాయి. తొలి కాన్పు, సిజేరియన్, మధుమేహం, కాన్పులో ఎక్కువ రక్తస్రావం కావడం వల్ల ఇంకొంత ఆలస్యం కావచ్చు. ఈ ఎదురుచూపులోనే కొన్ని ఇళ్ళలో పంచదార నీళ్ళు, తేనె, గాడిదపాలు పోస్తారు. వాటితో బిడ్డ కడుపు నిండి రొమ్ము చీకడం తగ్గుతుంది, అంటే పాలు పడడానికి అవసరమైన ఒక్క పనీ ఆగిపోతుంది. అంటువ్యాధుల ప్రమాదం దానికి అదనం. చేయవలసినది పుట్టిన గంటలోపే బిడ్డను తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి రొమ్ము పట్టించడం, ఆపైన రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు పాలివ్వడం. సిజేరియన్ అయిన తల్లి పక్కకు ఒత్తిగిలి ఇవ్వవచ్చు. బిడ్డ చీకలేకపోతే ముర్రుపాలను చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి.

"గంటసేపు తాగినా కడుపు నిండదు, చనుమొనలు పుండ్లు పడ్డాయి"

ఈ రెండు ఫిర్యాదులూ కలిసి వస్తే పాలు ఉన్నా బిడ్డ నోటికి అందడం లేదని అర్థం. మన ఇళ్ళలో కనిపించే అతి సాధారణమైన పొరపాటు ఇదే: బిడ్డను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి, మెడను మాత్రం పక్కకు తిప్పి, తల్లి ముందుకు వంగి చనుమొనను నోట్లో పెడుతుంది. మెడ తిరిగిన బిడ్డ మింగలేదు. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే అది నలిగి చిట్లుతుందే తప్ప పాలు రావు, ఎందుకంటే పాలు రావాలంటే దాని చుట్టూ ఉన్న నల్లని భాగం మీద ఒత్తిడి పడాలి.

సరిచేసే పద్ధతి కష్టమైనది కాదు. తల్లి వీపును గోడకు ఆనించి కూర్చోవాలి. బిడ్డ కడుపు తన కడుపుకు ఆనేటట్టు, బిడ్డ చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండేటట్టు పట్టుకోవాలి. చనుమొనను బిడ్డ పై పెదవికి తాకించి, ఆవులించినంత పెద్దగా నోరు తెరిచే వరకు ఓపిక పట్టి, అప్పుడు బిడ్డనే రొమ్ము దగ్గరకు తేవాలి, రొమ్మును బిడ్డ దగ్గరకు వంచకూడదు. గడ్డం రొమ్ముకు ఆనడం, కింది పెదవి బయటికి మడతపడడం, నల్లని భాగం నోటి కిందికంటే పైవైపు ఎక్కువగా కనిపించడం సరిగా పట్టిందనడానికి గుర్తులు. మొదటి క్షణాల తరువాత కూడా నొప్పి ఉంటే చిటికెన వేలిని బిడ్డ నోటి మూలలో పెట్టి విడిపించి, మళ్ళీ పట్టించాలి. చనుమొనలు లోపలికి ఉన్నా, బిడ్డ నాలుక కింద తీగ బిగుసుకుని ఉన్నా, ఆస్పత్రిలోని అనుభవమున్న నర్సు దగ్గర కూర్చుని నేర్చుకోవడమే మేలు.

ఇక్కడే చేపు, అంటే రొమ్ములోకి పాలు దిగడం గురించి చెప్పాలి. పాడి ఉన్న ఇంటివారికి ఇది కొత్త కాదు: దూడను విడిస్తే ఆవు చేపుతుంది, కొత్తవారు దగ్గరకు పోతే పాలు బిగబడుతుంది. తల్లికీ అంతే. బిడ్డ చీకినప్పుడు మెదడు నుంచి విడుదలయ్యే ఆక్సిటోసిన్ పాలను ముందుకు తోస్తుంది; నొప్పి, భయం, నలుగురి మధ్య సిగ్గు, "నీకు పాలు లేవు" అనే మాట దానికి అడ్డుపడతాయి. అప్పుడు పాలు తగ్గవు, దిగడం ఆలస్యమవుతుంది. ఆ సమయంలో అత్తగారో అమ్మో చేయగలిగిన గొప్ప సహాయం గదిలోని జనాన్ని బయటికి పంపి, తల్లికి ఒక చెంబు మంచినీళ్ళు ఇవ్వడం.

"సాయంత్రమంతా రొమ్ము వదలడు"

సాయంత్రం నుంచి అర్ధరాత్రి వరకు గంటకోసారి తాగడం చిన్నబిడ్డలకు సహజమే. రెండు మూడు వారాలకు, ఆరు వారాలకు, మూడు నెలలకు ఎదుగుదల వేగం పెరిగినప్పుడు రెండు మూడు రోజులు ఇంకా ఎక్కువగా తాగి, పాలు పెరిగాక కుదుటపడతారు. అడిగినప్పుడల్లా ఇవ్వడమే పరిష్కారం. అయితే "ఏడవందే అమ్మయినా పాలు పెట్టదు" అన్న సామెతను పాలిచ్చే తల్లి పాటించకూడదు. ఏడుపు ఆకలికి చివరి గుర్తు. చేతులు నోట్లో పెట్టుకోవడం, పెదవులు చప్పరించడం, తల అటూఇటూ తిప్పి వెతకడం కనిపించినప్పుడే ఇస్తే బిడ్డ ప్రశాంతంగా, లోతుగా పట్టుకుంటుంది.

"రొమ్ములు మెత్తబడ్డాయి, పిండితే రెండు చెంచాలే వచ్చాయి"

ఆరు వారాల తరువాత శరీరం బిడ్డ అవసరానికి తగ్గట్టు సర్దుకుంటుంది కనుక రొమ్ములు మెత్తబడతాయి. పిండినప్పుడు వచ్చిన దానికీ బిడ్డ తాగేదానికీ పోలిక లేదు. గుడ్డల లెక్క సరిగా ఉంటే చేయవలసినది ఏమీ లేదు.

"డబ్బా పాలు మొదలుపెట్టాక రొమ్ము పట్టడం లేదు"

రొమ్ములో మిగిలిపోయిన పాలే కొత్త పాలు తయారుకావడాన్ని తగ్గిస్తాయి. ఖాళీ అయిన రొమ్ము త్వరగా నిండుతుంది. సీసాతో పట్టిన ప్రతిసారీ రొమ్ములో ఆ మేరకు పాలు మిగిలిపోతాయి. అలాగని డబ్బా పాలకు అలవాటుపడిన బిడ్డకు వాటిని ఒక్కరోజులో ఆపకూడదు. ప్రతిసారీ ముందు రెండు వైపులా రొమ్ము ఇచ్చి, అవసరమైన మిగతా పాలు సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో పట్టి, తరువాత రొమ్మును చేత్తో పిండాలి. పాలు తయారుచేసే ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది కనుక రాత్రి పాలివ్వడం మానకూడదు. మూత్రమూ బరువూ గమనిస్తూ, వైద్యుని సలహాతో, రెండు మూడు రోజులకోసారి పొడిపాలను కొద్దికొద్దిగా తగ్గించాలి. డబ్బా ఎక్కువ రోజులు రావాలని నీళ్ళు ఎక్కువ కలపడం బిడ్డ ప్రాణానికే ముప్పు. 1992లో చేసి 2003లో సవరించిన చట్టం ప్రకారం శిశువుల పాలపొడికి ప్రకటనలివ్వడం, తల్లులకు ఉచిత నమూనాలు పంచడం నేరమన్న సంగతి కూడా ఇంట్లో వారికి తెలియాలి.

"ఎండలకు బిడ్డ నాలుక ఎండుతుందేమో, నీళ్ళు పట్టమంటున్నారు"

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అయినా ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్ళు అవసరం లేదు. తల్లిపాలలో నూటికి 87 పాళ్ళు నీరే. దాహం వేసిన బిడ్డ ఇంకా తరచుగా తాగుతుంది. నీళ్ళు తాగవలసినది తల్లి. బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళు చెడుతుందని గ్లాసు లెక్కన పోసే పథ్యం మన ఎండల్లో ఆమెను నీరసపరుస్తుంది. దాహమైనంత తాగనివ్వండి. మొదటి ఆరు నెలలు ఆమెకు మామూలుకంటే రోజుకు సుమారు 600 కేలరీల తిండి ఎక్కువ కావాలి: రాగి సంగటి, జొన్నరొట్టె, పప్పు, మునగాకు, శనక్కాయలు, గుడ్డు అన్నీ పెట్టవచ్చు. వెల్లుల్లి, మెంతులు వంటలో వాడడం మంచిదే, కానీ బిడ్డ చీకకుండా అవి ఒక్కటే పాలు పెంచుతాయని నమ్మి కూర్చోవద్దు.

"పనికి పోవడం మొదలుపెట్టాక తగ్గిపోయాయి"

ఉద్యోగం చేసే తల్లికి చట్టం ప్రకారం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల సెలవు, బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు పనివేళల్లో పాలిచ్చేందుకు రెండు విరామాలు ఉన్నాయి. శనక్కాయలు పెరకడానికి పోయే కూలీ తల్లికి ఆ సెలవు దొరకదన్నది బాధ కలిగించే నిజం. ఆమె వెళ్ళేముందు, రాగానే, రాత్రంతా పాలివ్వాలి. మధ్యలో మూడు గంటలకోసారి పిండాలి, లేకపోతే రొమ్ము గడ్డకట్టి జ్వరం వస్తుంది. ఇంట్లో పిండి ఉంచే పాలను మూత ఉన్న స్టీలు గిన్నెలో ఫ్రిజ్‌లో పెడితే 24 గంటలు వాడవచ్చు. ఫ్రిజ్ లేని ఇంట్లో ఎండాకాలం ఎక్కువసేపు ఉంచవద్దు.

"అన్నీ సరిగా చేశాం, అయినా బరువు పెరగడం లేదు"

అప్పుడు తల్లిని తప్పు పట్టకుండా పరీక్షలు చేయించాలి. కాన్పులో విపరీతమైన రక్తస్రావం, గర్భసంచిలో మాయ ముక్క మిగిలిపోవడం, థైరాయిడ్ లోపం, తీవ్రమైన రక్తహీనత, గతంలో రొమ్ముకు జరిగిన ఆపరేషన్, అరుదుగా రొమ్ములో పాలగ్రంథులు సరిగా ఎదగకపోవడం పాలను నిజంగానే తగ్గిస్తాయి. ఈస్ట్రోజన్ ఉన్న మాల-ఎన్ వంటి గర్భనిరోధక మాత్రలను పాలిచ్చే తల్లి మొదటి ఆరు నెలలు వాడకూడదు. కాపర్-టి వంటి మరో పద్ధతిని ఏఎన్ఎంను అడిగి ఎంచుకోవచ్చు. కొన్ని జలుబు మాత్రలూ పాలను తగ్గిస్తాయి. పాలు పెరిగే మాత్రలను షాపులో అడిగి కొనవద్దు, వాటిలో కొన్ని గుండె లయను దెబ్బతీయగలవు. వైద్యుడు పొడిపాలు అవసరమంటే ఆ తల్లి వాటిని మందులా, చెప్పిన కొలతలో, రొమ్ము ఇస్తూనే పట్టాలి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

బిడ్డ లేపినా లేవకుండా మత్తుగా ఉండడం, ఆరు నుంచి ఎనిమిది గంటలు మూత్రం పోయకపోవడం, అయిదవ రోజు తరువాత కూడా మూత్రం ఇటుకరంగులో పడడం, నోరు ఎండిపోవడం, మాడు లోపలికి కుంగడం, జ్వరం, అరికాళ్ళ వరకు పసుపుదనం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. 108కు ఫోన్ చేసి, బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి పట్టుకుని, మింగగలిగితే దారిలోనూ పాలిస్తూ, నవజాత శిశువుల విభాగం ఉన్న ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. తడిసిన గుడ్డల లెక్క, బరువులు రాసుకున్న కాగితం వెంట తీసుకుపోతే అక్కడి వైద్యునికి ఉపయోగపడుతుంది.