ఎండలు ముదరకముందే కారు రూఫ్ లైనింగ్ చూసుకోండి

హైదరాబాద్‌లో ఎండలు మొదలయ్యాయంటే పాత కార్లలో రూఫ్ గుడ్డ దిగడం కూడా మొదలవుతుంది. మొదట వెనకద్దం దగ్గర చిన్న బుడగ లేస్తుంది. మే వచ్చేసరికి అది వెనక సీటు మీద పందిరైపోతుంది, అద్దంలో వెనక బండి కనపడదు.

బుడగలోకి సిరంజితో జిగురు ఎక్కించే పని పెట్టుకోకండి. నేను ఎక్కించాను. నాలుగు రోజులు ఆగింది, ఐదో రోజు గుడ్డ మళ్లీ దిగింది, పైగా పసుపు మరకలు మిగిలాయి. అసలు పాడయ్యేది గుడ్డ వెనకుండే పల్చటి ఫోమ్. ఏళ్ల తరబడి వేడికీ తేమకీ అది చివికి, వేలితో రుద్దితే సున్నిపిండిలా రాలుతుంది. జిగురు ఆ పొడికే అంటుకుంటుంది, దాని వెనకుండే గట్టి బోర్డుకి కాదు. కాబట్టి బోర్డు బయటికి తీసి, పాత ఫోమ్ మొత్తం గీకాల్సిందే.

తీసేముందు పిల్లర్ల (అద్దాల మధ్య రూఫ్‌ని మోసే స్తంభాల) ప్లాస్టిక్ మీద చూడండి. ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే రూఫ్ అంచుల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, అంటే గుద్దుకున్నప్పుడు పక్క అద్దాల మీదికి తెరలా దిగేవి, ఉన్నట్టే. ఆ కారు జోలికి మీరు వెళ్లొద్దు, తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి. తాత్కాలికంగానైనా అంచుల్లో గుండుసూదులు గుచ్చొద్దు.

ఆ ఎయిర్‌బ్యాగులు లేని కార్లలో లైటు, సన్ వైజర్లు, హ్యాండిళ్లు విప్పి, ఇద్దరు పట్టుకుని బోర్డు దించాలి. వంచితే అప్పడంలా విరుగుతుంది. గీకడానికి నైలాన్ బ్రష్ చాలు. మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి, ఆ పొడి గొంతులో రెండు రోజులు గరగరలాడుతుంది.

జిగురు పని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అస్సలు వద్దు. ఆ ఆవిర్లు ఇట్టే అంటుకుంటాయి, పక్కన వాచ్‌మన్ బీడీ వెలిగించినా చాలు. గాలాడే నీడలో, పొద్దున్నే చేయండి. వేడి తట్టుకునే కాంటాక్ట్ జిగురే కొనండి, మామూలుది మే ఎండకి మళ్లీ వదిలేస్తుంది. బోర్డుకీ, కొత్త గుడ్డ ఫోమ్ వైపుకీ రాసి, వేలికి అంటనంత ఆరాక, మధ్య నుంచి అంచులకి అరచేత్తో నొక్కుతూ వెళ్లాలి. కొత్త గుడ్డ ఫోమ్ ఉన్నదే తీసుకోండి, చుట్టూ జానెడు ఎక్కువ ఉంచుకోండి.

షాపులో ఇస్తే ఒక్కటే అడగండి: బోర్డు దించుతారా? "అవసరం లేదు సార్, అరగంటలో అయిపోతుంది" అంటే బండి వెనక్కి తిప్పేయండి.

పాత గుడ్డ మీద టీ రంగు మరక ఉంటే మాత్రం ఆగండి. సన్‌రూఫ్ గొట్టం నుంచో, యాంటెన్నా దగ్గర నుంచో నీళ్లు కారుతున్నాయన్నమాట. పైపు పెట్టి రూఫ్ తడిపి, లీకు దొరికాకే గుడ్డ కొనండి.